కలమ్మకు ఒడిబియ్యం

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నా గది గడప మీద ఒక పొట్లం ఉంది. పాండిచ్చేరి నుంచి వచ్చింది. దారం తెంపగానే జిగురు వాసన, కొత్త కాగితం వాసన, వాటి అడుగున కాస్త ఉప్పుగాలి చెమ్మ వాసన. పుస్తకం పుటలు కోయలేదు. ఫ్రాన్సులో అచ్చయ్యే పుస్తకాలు చాలావరకు ఇట్లాగే వస్తాయి. పుటల అంచులు మడతపడి కలిసి ఉంటాయి. చదువుకునేవాళ్ళే ఒక్కొక్క మడతా కోసుకుంటూ పోవాలి. వంకాయలు తరిగే కత్తి తుడిచి తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. కాగితం మధ్య కత్తి నడిచే సన్నని చప్పుడు విని ఇంటావిడ తొంగిచూసి, "ఏం కోస్తున్నవు పంతులమ్మా, బట్టనా?" అంది. "పుస్తకం" అన్నాను. ఆమె కత్తినీ నన్నూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆ చప్పుడు మొదటిసారి విన్న రోజు నేనూ అంతే అనుకున్నాను, ఈవిడ మంచి పుస్తకాన్ని ఎందుకు పాడు చేస్తోందా అని.

ఈవిడంటే కామేశ్వరమ్మ గారు. ఇప్పటికి ఫ్రెంచిలో నాలుగు నవలలు రాశారు, ఇది ఐదోది. అంతకుముందు ఫ్రెంచి నవలలు మూడింటిని తెలుగులోకి తెచ్చారు. ఫ్రాన్సులో ఆవిడ పుస్తకాలు చదివేవాళ్ళకు ఆవిడ ముఖం తెలియదు. మన వైపు ఆవిడ ముఖం తెలిసినవాళ్ళకు ఆ పుస్తకాలు చదవడం రాదు. రెండూ కాస్త కాస్త తెలిసిన కొద్దిమందిలో నేనొకదాన్ని కాబట్టి ఇది రాస్తున్నాను. పదిమంది ఎదుట నోరు విప్పాలంటే ఇప్పటికీ జంకే మనిషిని. కాగితం మీదైతే పర్వాలేదు.

ఆవిడ పుట్టింది యానాంలో. గోదావరి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరు అప్పట్లో ఫ్రెంచివాళ్ళ కింద ఉండేది. తండ్రి కచేరీలో గుమాస్తా. ఇంట్లో తెలుగు, బళ్ళో ఫ్రెంచి. "మాకు ఎక్కాలు కూడా ఫ్రెంచిలోనే చెప్పేవారు. ఇప్పటికీ అప్పడాలు లెక్కపెట్టాలంటే నాకు ఫ్రెంచే వస్తుంది" అనేవారు. పద్నాలుగో ఏట పెళ్ళయింది. భర్త హైదరాబాదులో డాక్టరు చదువు చదివి నిజాం సర్కారు దవాఖానాలో కొలువు సంపాదించారు. ఆయన వెంట ఊళ్ళు మారుతూ, ప్రతి ఊళ్ళోనూ వంటింటి గూట్లో నిఘంటువు పెట్టుకుని ఆవిడ అనువాదాలు చేశారు. మొదటి పుస్తకాన్ని మద్రాసులో అచ్చువేసినవాళ్ళు ఇంటిపేరూ ఒక పొడి అక్షరమూ మాత్రమే వేశారట. చదివినవాళ్ళు డాక్టరు గారే రాశారనుకుని దవాఖానాకు వచ్చి పొగిడేవారట. "నేను రాసేవి మందు చీటీలే నాయనా, వాటినే ఎవరూ చదవలేరు" అనేవారట ఆయన. ఈ సంగతి చెప్పి కామేశ్వరమ్మ గారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేవారు. మీకు కోపం రాలేదా అని చాలా ఏళ్ళ తర్వాత ఉత్తరంలో అడిగాను. "రాకేం? రెండో పుస్తకం పంపేటప్పుడు ప్రతి పుట నెత్తినా నా పేరు రాసి పంపాను" అని జవాబిచ్చారు.

మా ఊరు పోచంపల్లికి రెండు కోసుల దూరం. మా ఇంట్లో మూడు మగ్గాలు. బాపు, అంటే మా నాన్న, రుమాళ్ళు, చీరలు నేసేవాడు. మా నాయనమ్మ అవ్వ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురైదుగురు పందిరి కింద కూర్చుని ఆసు పోసేవాళ్ళు. నెలవంక ఆకారంలో ఉన్న చెక్కకు వరసగా మేకులుంటాయి. నూలుపోగును ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కొక్క మేకు చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక చీరకు వేలసార్లు చెయ్యి పోయి రావాలి. ఆ తర్వాతే పోగులకు ముడులు కట్టడం, రంగుల్లో ముంచడం. భుజాలు పడిపోయే పని. అందుకే ఆసు దగ్గర మాటలు ఆగవు. ఊళ్ళో ఎవరింట్లో ఏం కూర వండారో కూడా అక్కడ తేలిపోయేది.

డాక్టరు గారు మా ఊరి దవాఖానాకు వచ్చింది పోలీసు చర్యకు రెండేళ్ళ ముందు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. బాపు నేర్పిన అక్షరాలతో, దొరికిన కాగితమల్లా చదివేదాన్ని. నూలు కట్టలకు చుట్టి వచ్చే కాగితాలను చదును చేసుకుని, వాటి వెనుక రోజూ నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. ఒక రోజు కామేశ్వరమ్మ గారు చీర నేయమని చెప్పడానికి మా ఇంటికొచ్చి, తలుపు చాటున ఉన్న నన్ను చూసి పేరడిగారు. నేను లోపలికి పారిపోయాను. అవ్వ, "మా రుక్కికి నోరు లేదమ్మా. రాత మాత్రం కోడి గీకినట్టు పొద్దంత గీకుతనే ఉంటది" అంది. ఇంటిల్లిపాదికీ తెలుసన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం తలుపు దగ్గరకు వచ్చి, లోపలికి తొంగిచూడకుండా, తలుపుతోనే మాట్లాడినట్టు అన్నారు: "నాకు రాసేవాళ్ళే కావాలమ్మాయ్. మాట్లాడేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు."

అప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది మూడో అనువాదం. మంచుకొండల్లోని ఒక పల్లె కథ. క్లెమాన్స్ అనే ఆమె చేతి తొడుగులు కుట్టి బతుకుతుంది. భర్త ప్రతి చలికాలం కావడిలో సూదులు, దారాలు, కళ్ళద్దాలు పెట్టుకుని కొండ దాటిపోయి, అవతలి ఊళ్ళలో అమ్ముకుని, మంచు కరిగాక తిరిగొస్తాడు. ఒక ఏడు మంచు కరుగుతుంది గానీ అతను రాడు. సగం అనువాదం చేసి, అది చెవికి ఎట్లా ఉందో చూడాలని కాగితాలు పట్టుకుని మా ఆసు దగ్గరకు వచ్చారు. "ఆ పర్వత గ్రామమున హేమంతము మిక్కిలి దుర్భరముగా నుండెను" అని మొదలుపెట్టి రెండు పుటలు చదివారు. అందరూ మర్యాదగా విన్నారు. చేతులు ఆగలేదు, ఎవరూ తల ఎత్తలేదు. చివరికి అవ్వ అంది: "గిది మనిషి మాట లెక్క లేదు బిడ్డా. గుళ్ళె అయ్యగారు మంత్రం జదివినట్టున్నది. మంచిగనే ఉన్నది గని నాకైతే నిద్రొస్తున్నది."

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇక రారనుకున్నాను. మర్నాడు అదే వేళకు వచ్చారు, కాగితాలు లేకుండా. పీట లాక్కుని కూర్చుని, "సరే, చదవనులెండి. చెప్తాను. ఒకావిడ ఉందండీ" అని మొదలుపెట్టారు. ఆవిడ 'అండీ' విని, ఆసు పోసేవాళ్ళలో ఒకామె, యాదమ్మ, కిసుక్కున నవ్వింది. "గీ అమ్మ 'అండీ' లేకుంట నీళ్ళు గూడ మింగదు" అని ముందు రోజే అందరితో అన్నది తనే. అయినా ఈసారి చేతులు కొంచెం నెమ్మదించాయి. చేతి తొడుగులంటే ఏమిటని ఆడవాళ్ళు అడిగారు. "చేతులకు వేసుకునే అంగీ" అన్నారావిడ. "చేతులకు గూడ అంగీలా? మరి అన్నమెట్ల తింటరు?" అంది అవ్వ. మంచు ఎట్లా ఉంటుందని అడిగారు. నిజానికి ఆవిడా ఎన్నడూ మంచు చూడలేదు. కాసేపు ఆలోచించి, "దూది ఏకేటప్పుడు ఎగురుతుందే, ఆకాశమంతా అట్లా ఎగురుతుంది" అన్నారు. ఆ మాటతో మంచు మా పందిట్లోకి వచ్చేసింది. క్లెమాన్స్ అన్న పేరు ఎవరి నోటా తిరగక, వారం తిరిగేలోగా ఆమె కలమ్మ అయిపోయింది.

అసలు పద్ధతి ఇంకొక రోజు దొరికింది. ముందు రోజు రాని పొరుగామె ఒకామె వచ్చి, "నిన్న కతల ఏమైందే?" అని అడిగింది. కామేశ్వరమ్మ గారు నోరు తెరిచేలోగా యాదమ్మ అందుకుంది. ఇరవై రెండేళ్ళ మనిషి, చెయ్యి ఎంత చురుకో నోరు అంత చురుకు. "ఏమైతదే, మొగుడు కావడి భుజానేసుకున్నడు. కలమ్మ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం సద్ది గట్టి ఇచ్చింది. 'జర పైలం' అన్నది. ఆయన ఇన్నడా, ఇనలేదా, దేవునికెరుక. ఎనకకు సూడకుంట పోయిండు" అని చెప్పుకుపోయింది. కామేశ్వరమ్మ గారు పీట మీద నిటారుగా కూర్చున్నారు. నా వైపు వంగి, "రుక్మిణీ, రాసుకో. యాదమ్మ ఎలా చెబితే అలాగే రాసుకో" అన్నారు. అప్పటి నుంచీ అదే పని. ఆవిడ ఫ్రెంచిలో ఒక అధ్యాయం చదివి, పుస్తకం మూసి, వచ్చి చెప్పేవారు. మర్నాడు ఆడవాళ్ళు దాన్ని తిరిగి చెప్పేవాళ్ళు. నేను తలుపు పక్కన కూర్చుని రాసేదాన్ని. నా కాగితాలు ఇంటికి తీసుకుపోయి, ఫ్రెంచి పుస్తకం పక్కన పెట్టుకుని, ఆ మాటల నడకతో తెలుగు వాక్యాలు కట్టుకునేవారు. ఒకసారి మాత్రం నవ్వుతూ, "యాదమ్మా, పుస్తకంలో ఆవిడ సద్ది కట్టలేదే" అన్నారు.

"కట్టకుంట ఎట్లుంటదమ్మా? కొండెక్కెటోన్ని ఉత్త కడుపుతోని తోలుతదా? రాసినోడు మొగోడు గావచ్చు. గది వాని కండ్లకు ఆనలే."

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో ఆ సద్ది మూట మీద గీత కొట్టడం చూశాను. "నాకూ ఉంచాలనే ఉంది. కానీ రాసినాయన పెట్టనిది నేను పెట్టకూడదు. అనువాదం చేసేవాళ్ళకు అంత స్వతంత్రం లేదు" అన్నారు. అని ఊరుకోలేదు. నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి తీసి, ఆ మూట సంగతి అందులో ఎక్కించుకున్నారు. అట్లా కథలో పట్టని ముక్కలన్నీ అందులోకి చేరేవి. ఆ రోజుల్లోనే నాకు ఫ్రెంచి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టారు. నేను పలకడానికి సిగ్గుపడితే, "పలకవద్దు, ముందు చదువు. నోటికి తొందరేం లేదు" అనేవారు. నన్ను మాట్లాడమని తొందరపెట్టని పెద్దమనిషిని నేను చూడడం అదే మొదలు.

ఇదంతా ఏ కాలంలో జరిగిందో చెప్పాలి. రజాకార్ల భయానికి మగవాళ్ళు చేలల్లో పడుకునేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో గడ్డివాములు తగలబడేవి. యాదమ్మ భర్త నర్సింహ కమ్యూనిస్టు దళంలో చేరి గుట్టల్లోకి వెళ్ళిపోయాడు. ఎప్పుడైనా చీకట్లో ఒక మాట అందేది, తర్వాత అదీ ఆగిపోయింది. పోలీసు చర్య జరిగి రజాకార్లు పోయినప్పుడు ఊరంతా పండుగ చేసుకుంది. దాక్కున్న మగవాళ్ళు ఇళ్ళకు వచ్చారు. నర్సింహ రాలేదు. దళాలు ఇంకా గుట్టల్లోనే ఉన్నాయనీ, ఇప్పుడు కొత్త సర్కారు పోలీసులు వాళ్ళను వెతుకుతున్నారనీ మెల్లగా తెలిసింది. ఒక రోజు ఆసు పోస్తూ యాదమ్మ ఎవరితోనూ అన్నట్టు కాకుండా అంది: "నేనొకటి అనుకున్న. కలమ్మ మొగుడు తిరిగొస్తే మా ఆయన వస్తడు."

ఎవరూ నవ్వలేదు. కామేశ్వరమ్మ గారి చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది. నీళ్ళు తాగకుండానే దాన్ని కింద పెట్టేశారు.

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో చివరి పుటలు నా చేత కోయించారు. చివరి రెండు వాక్యాలు వేలితో చూపించి అర్థం చెప్పారు. వసంతం వచ్చింది. క్లెమాన్స్ తలుపు మూసింది. అంతే.

"రాడా?" అన్నాను.

"రాడు."

"మార్చెయ్యరాదా అమ్మా?"

నా అంతట నేను ఆవిడను అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆవిడ దాన్ని చిన్నపిల్ల మాటగా తీసిపారెయ్యలేదు. "నేనూ అదే ఆలోచిస్తున్నాను. మారిస్తే యాదమ్మ నమ్ముతుంది. నమ్మి రోజూ గుమ్మం వంక చూస్తుంది. అతను రాకపోతే, నేను చెప్పిన అబద్ధాన్ని పట్టుకుని ఏం చేసుకుంటుంది? పోనీ నిజం చెబుదామా అంటే..." అని పుస్తకం మూసి పక్కన పెట్టేశారు. మర్నాడు తలనొప్పి అని కబురు పంపారు. ఆ మర్నాడు డాక్టరు గారికి జ్వరమన్నారు. ఆయన మా ఇంటి ముందు నుంచే దవాఖానాకు నిక్షేపంగా నడిచివెళ్ళారు. ఇట్లా పది రోజులు. యాదమ్మ రోజూ అడిగేది, "రుక్కీ, అమ్మ ఎప్పుడొస్తదే? ఇంక రెండు రోజుల కతనే ఉన్నదంటివి." నేను తల దించుకుని నూలు చిక్కు తీసేదాన్ని. నా నూలుకట్టల కాగితాల మీద ఆ పది రోజులూ ఒకటే ముక్క ఉంది: "ఈ రోజు కూడా చెప్పలేదు."

పదకొండో రోజు పోలీసులు వచ్చారు. మద్రాసు వైపు నుంచి వచ్చిన అధికారి ఒకాయన, నలుగురు జవాన్లు. ఎవరో బావి దగ్గర మా ఆడవాళ్ళ మాటలు విని, కలమ్మ అనే ఆమె భర్త గుట్టల్లో ఉన్నాడనీ, చేనేతవాళ్ళ ఇంట్లో రోజూ అతని సంగతులే నడుస్తున్నాయనీ చేరవేశారు. అధికారి పందిట్లోకి వచ్చి, "కలమ్మ ఎవరు?" అని గద్దించాడు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. యాదమ్మ తల వంచి పోగు తిప్పుతూనే ఉంది. అవ్వకు మాత్రం ఏమీ భయం వెయ్యలేదు.

"మా కలమ్మనా? గామె ఈడ ఉండదు సారూ."

"మరెక్కడుంటుంది?"

"శానా దూరం. ఆడ దూది లెక్క మంచు పడ్తది."

"ఆమె మొగుడు?"

"గుట్ట అవతలికి పోయిండు. సూదులు అమ్మనీకి."

"సూదులా, తూటాలా? సరిగ్గా చెప్పు."

"సూదులే సారూ. కండ్లద్దాలు గూడ ఉన్నయి."

జవాను ఒకడు ఇదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. అధికారి కళ్ళు నా ఒళ్ళో ఉన్న కాగితాల మీద పడ్డాయి. "అందులో ఏముంది? చదువు" అన్నాడు. బాపు మగ్గం గుంటలోంచి లేచి నిలబడ్డాడు. నేను చదవకపోతే ఆయన్ను తీసుకుపోతారనిపించింది. అక్షరాలు అలుక్కుపోతుంటే మొదటి పుట ఎట్లాగో మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గరే అవ్వ అడ్డుతగిలింది, "గట్ల గాదే, ముందుగాల సద్ది కట్టింది." ఇంకొకామె, "లేదవ్వా, ముందుగాల కావడి ఎత్తుకున్నడు" అంది. పోలీసులను మరిచిపోయి వాళ్ళు వాదులాడుకుంటుంటే నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. గొంతు పెంచి, వాళ్ళను దాటుకుని చదువుకుంటూ పోయాను. నాలుగో పుటకు అధికారి నులకమంచం మీద కూర్చున్నాడు. ఆరో పుట అయ్యాక, "ఊఁ, తర్వాత?" అన్నాడు.

అప్పటికి కబురంది కామేశ్వరమ్మ గారు పరుగున వచ్చారు, ఫ్రెంచి పుస్తకం చేత్తో పట్టుకుని. సంగతి వివరించారు. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వాడు. జవాను రాసుకున్న కాగితం తీసుకుని చించేశాడు. వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంతకీ ఆ మొగుడు తిరిగొస్తాడా, రాడా? అదైనా చెప్పండమ్మా" అన్నాడు.

పందిట్లో చేతులన్నీ ఆగిపోయాయి. కామేశ్వరమ్మ గారు ఆయన వైపు చూడలేదు. "రాడు యాదమ్మా" అన్నారు.

పోలీసులు వెళ్ళిపోయారు. యాదమ్మ ఆసు మీద చెయ్యి అలాగే పెట్టి, కొంగుతో ముఖం కప్పుకుని కాసేపు ఏడ్చింది. కామేశ్వరమ్మ గారు పీట వదిలి నేల మీద ఆమె పక్కన కూర్చున్నారు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. భుజానికి భుజం ఆనించి ఊరికే కూర్చున్నారు. చాలాసేపటికి యాదమ్మ ముఖం తుడుచుకుంది.

"గిందుకేనా, పది దినాల సంది తలకాయ నొస్తున్నదని మొకం సాటేసినవు?"

"అవునమ్మా."

"నేను సస్తననుకున్నవా?"

"భయమేసింది."

"కలమ్మ మొగుడు రాడు. సరే. మా ఆయన సంగతి నీ బుక్కుల రాసి లేదు గద?"

"లేదు."

"మరింక ఫికరేంది? ఆయన సూదులమ్మెటోడు, మావోడు తుపాకి పట్టినోడు. ఇద్దరికీ ఒకటే గతెట్లయితది? ఎర్రిదాన్ని, అట్ల అనుకున్న. గది ఇడిసిపెట్టు. కలమ్మ ఏం జేసింది జెప్పు."

"తలుపు మూసింది."

"మూసి?"

"అంతే. పుస్తకం అయిపోయింది."

యాదమ్మ ఆవిడ వైపు వింతగా చూసింది. "బుక్కు అయిపోతే కలమ్మ అయిపోతదా అమ్మా? తెల్లారినంక తలుపు తియ్యదా? పొయ్యి ముట్టియ్యదా?"

ఇరవై ఏళ్ళుగా ఫ్రెంచి నవలలు చదువుతున్న కామేశ్వరమ్మ గారు, ఆ ప్రశ్న తనకెన్నడూ తట్టలేదని తర్వాత నాతో అన్నారు. జవాబు మా పందిరే చెప్పింది. ఆ తర్వాత నెలా పదిహేను రోజులు కలమ్మ తలుపు తీసిన తర్వాతి కథే. యాదమ్మ ఆమెకు రెండు మేకలు కొనిపెట్టింది. ఇంకొకామె, చేతి అంగీలకు రంగులు అద్దడం నేర్పింది. ఆ ఊరి పటేలు ఒకడు ఆమె జాగా కాజెయ్యాలని చూస్తే అందరూ కలిసి వాణ్ణి మంచులో తోసేశారు. అవ్వ ఎక్కడి నుంచో ఒక గయ్యాళి అత్తను పట్టుకొచ్చింది. "అత్త లేకుంటే కత సప్పగుంటది" అంది. కలమ్మా అత్తా తగువులాడుకుంటుంటే ఆసు పోసేవాళ్ళు పోగు తెగేదాకా నవ్వేవాళ్ళు. కామేశ్వరమ్మ గారు చెప్పడం మానేసి వినడం మొదలుపెట్టారు. నీలం నోటుపుస్తకం నిండిపోయి రెండోది వచ్చింది.

అనువాదం మాత్రం తలుపు మూసిన చోటే ముగిసి మద్రాసు వెళ్ళింది. ఒక్క మేకపిల్లను కూడా అందులోకి రానివ్వలేదు. నీలం నోటుపుస్తకాలు దగ్గర పెట్టుకుని వేరే నవల మొదలుపెట్టారు, ఫ్రెంచిలో. అది ఆవిడ సొంతంగా రాసిన మొదటి నవల. పేరు తెలుగులో చెబితే 'తలుపు తీసిన మర్నాడు'. ఇన్ని తెలుగు మాటలు పోగుచేసుకుని ఫ్రెంచిలో ఎందుకు రాస్తున్నారని నాకు కొంచెం అలకగా ఉండేది. పైకి అనలేదు.

ఏడాది తర్వాత డాక్టరు గారు కొలువు మానుకుని పాండిచ్చేరి వెళ్ళాలనుకున్నారు. బయలుదేరే ముందు రోజు మా ఆడవాళ్ళు ఆవిడను పీట మీద కూర్చోబెట్టి ఒడిబియ్యం పోశారు. ఆడబిడ్డ పుట్టింటి నుంచి అత్తారింటికి వెళ్ళేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, రవికెగుడ్డ ఒళ్ళో పోసి పంపడం మా వైపు ఆచారం. ఆవిడకు అది కొత్త. కొంగు ఎట్లా పట్టాలో యాదమ్మ చూపించాల్సి వచ్చింది. ఐదుగురు ముత్తయిదువలు పోశాక అవ్వ ఇంకో దోసెడు తీసుకుంది.

"ఇదేమిటమ్మా, అయిపోలేదా?" అన్నారు కామేశ్వరమ్మ గారు.

"నీయి అయిపోయినయి. గివి కలమ్మయి. గామె గూడ ఈడికెళ్ళే పోవట్టె. పుట్టింటోళ్ళం మేముండంగ ఉత్త ఒడితోని పోతదా?"

కామేశ్వరమ్మ గారు ఒడి నిండా బియ్యంతో నవ్వుతూ ఏడ్చారు. నా వైపు తిరిగి, నా అలక తనకు ఎప్పటి నుంచో తెలిసినట్టు అన్నారు: "విన్నావా? అందుకే ఫ్రెంచిలో రాస్తున్నాను. అక్కడివాళ్ళు ఆమెను తలుపు మూసి వదిలేశారు. మీరు తీయించారు. ఆ సంగతి వాళ్ళకు తెలియొద్దూ?"

నర్సింహ వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకు, పోరాటం ఆగిపోయాక, జైలు నుంచి. నేను అక్కడే ఉన్నాను. గడ్డం పెరిగి, సగం మనిషై పందిరి ముందు నిలబడ్డాడు. యాదమ్మ ఆసు పోస్తోంది. మధ్యలో వదిలితే వరస తప్పి చీరంతా చెడిపోతుంది. తల ఎత్తి చూసింది. చెయ్యి మాత్రం ఆగలేదు. "వచ్చినవా? జరంత కూసో. గీ చుట్టు అయినంక లేస్త" అంది. ఆమె చెయ్యి అంత వేగంగా తిరగడం నేనెన్నడూ చూడలేదు. కళ్ళనీళ్ళు పోగు మీద పడుతున్నాయి, అవ్వ ముసిముసిగా నవ్వుతోంది. ఇదంతా పాండిచ్చేరికి రాశాను. వారంలో జవాబు వచ్చింది, ఒకే ఒక్క వాక్యం: "ఇది ఎవరూ రాయలేరు, నేను కూడా ప్రయత్నించను."

నేనిప్పుడు నల్లగొండలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతున్నాను. సాయంత్రాలు పిల్లల తల్లులు ఉత్తరాలు పట్టుకుని వస్తారు, చదివిపెట్టమని. బొంబాయి మిల్లులకు పోయిన కొడుకులవి, పట్నంలో కొలువులకు పోయిన భర్తలవి. కొన్నిట్లో మంచి కబుర్లుంటాయి. కొన్నిట్లో, ఈ ఏడు రావడం కుదరదనీ, అసలు రాననీ ఉంటుంది. మొదట్లో అట్లాంటి చోటికి రాగానే, ఆ ముక్క దాటేద్దామా, కాస్త తీపి చేసి చదువుదామా అనిపించేది. దాటలేదు. ఉన్నది ఉన్నట్టు చదువుతాను. చదివి, కాగితం మడిచి చేతికిచ్చి, లోపలికి వెళ్ళిపోను. వాళ్ళ పక్కన నేల మీద కూర్చుంటాను. నాకు మాటలు రావు గనుక ఏమీ అనను. ఎంతసేపు పట్టినా సరే, వాళ్ళంతట వాళ్ళు ముఖం తుడుచుకుని, "సరే పంతులమ్మా, ఇగ జవాబు రాయి. ఏం రాయాల్నో నేను జెప్త" అనేదాకా కూర్చుంటాను. ఇంతవరకు అనకుండా లేచి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు.